గేటు ఎత్తినప్పుడు, గేటు దించినప్పుడు



పెనుకొండ మీదుగా బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు పేరు వినని వాళ్లు మన ప్రాంతంలో ఉండరు. హిందూపురం నుంచి గౌరిబిదనూరు వైపు వెళ్లేవాళ్లకు తూమకుంట కూడా అంతే. 2017 జూలై 1 దాకా ఈ సరిహద్దుల్లో సరుకు లారీ ఆగాల్సిందే. కాగితాలు చూపించాలి, ముద్ర వేయించుకోవాలి, వరుసలో ముందున్న లారీలు కదిలేదాకా కాచుకోవాలి. టమాటాకు పన్ను లేకపోయినా టమాటా లారీ మాత్రం నిలబడేది. డ్రైవరు బత్తా, కాలిపోయిన డీజిలు, ఎండకు మెత్తబడిన కాయ, ఇవన్నీ చివరికి ఎవరో ఒకరి లెక్కలో పడేవి. దేశమంతటికీ ఒకే జీఎస్టీ వచ్చిన రోజున వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలను ఎత్తేశారు. లారీలు ఆగకుండా పోవడం మొదలైంది.

కొన్ని దేశాలు కలిసి వాణిజ్య కూటమి కట్టుకుంటే జరిగేది కూడా ఇదే. తమ మధ్య ఉన్న గేట్లను ఎత్తేసుకుంటాయి. కూటమిని వీడటమంటే ఎత్తిన గేటును మళ్లీ దించడం. అలా దించినప్పుడు తిండి ధర ఏమవుతుంది, మద్యం ధర ఏమవుతుంది, అందులో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లకు పట్టే సంగతి ఏముంది అన్నది ఈ రోజు చెప్పుకుందాం.

ముందు మన చింతపండుతో మొదలుపెడదాం. హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ప్లవర్ అని రెండు రకాల చింతపండు వేలానికి వస్తుంది. అక్కడి నుంచి కర్ణాటకకు, తమిళనాడుకు పోతుంది. జీఎస్టీ మొదలైనప్పుడు ఎండు చింతపండు మీద 5 శాతం పన్ను ఉండేది. 2019 అక్టోబరు 1 నుంచి అదీ తీసేశారు. దారిలో ఖర్చు, పన్ను ఎంత తగ్గితే వ్యాపారి వేలంలో అంత పైకి పాడగలడు. పాడతాడా లేదా అన్నది మాత్రం ఆ రోజు యార్డుకు ఎంతమంది కొనేవాళ్లు వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్కడే కొనేవాడుంటే, గేటు ఎత్తడం వల్ల మిగిలిన రూపాయి అతని జేబులోనే ఉండిపోతుంది. ప్రపంచ వాణిజ్యం గురించి పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసే సంగతిని మన యార్డులో కాసేపు నిలబడితే కళ్లారా చూడవచ్చు.

చింతపండుకు గేటు ఎత్తారు గానీ, మద్యానికి ఎత్తలేదు. మనుషులు తాగే మద్యాన్ని రాజ్యాంగ సవరణలోనే జీఎస్టీకి బయట ఉంచారు. అంటే ఈ సరుకు విషయంలో ప్రతి రాష్ట్రమూ వేరే దేశంలా నడుస్తోంది. ఆంధ్రలో ఒక ధర, నాలుగడుగులు వేస్తే కర్ణాటకలో ఇంకో ధర. దీని ఫలితం మన సరిహద్దు గ్రామాలకు చాలా కాలంగా తెలుసు. హిందూపురం శాసనసభ్యుడిగా 1985, 1989, 1994 ఎన్నికల్లో వరుసగా గెలిచిన ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. దూబగుంట ఆడపడుచులు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆయన ఇచ్చిన మాట అది. ఆ మాట వెనుక ఉన్న కన్నీళ్లను నేను తక్కువ చేయను. కానీ ఆయన సొంత నియోజకవర్గానికి కూతవేటు దూరంలోనే నిషేధం లేని రాష్ట్రం ఉంది, సరుకు అటు నుంచి దాటి వచ్చేది. 1997లో నిషేధం సడలిపోయింది.

2020 మే నెలలో ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. ఆంధ్రలో మద్యం ధర మొదట 25 శాతం, వెంటనే మరో 50 శాతం పెంచారు. తాగేవాళ్ల సంఖ్య తగ్గాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. మడకశిర, హిందూపురం దారుల్లో కర్ణాటక మద్యం ప్యాకెట్లు ద్విచక్ర వాహనాల మీద, కూరగాయల సంచుల కింద రావడం, పట్టుబడటం రోజూ పత్రికల్లో చదివాం. దొంగ సరుకును పట్టుకోవడానికి ప్రత్యేక విభాగమే పెట్టాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చి, 99 రూపాయలకు క్వార్టరు అమ్మడం మొదలయ్యాక ఆ తేడా తగ్గింది. గేటుకు ఇటూ అటూ ధరల్లో తేడా ఎంత పెద్దదైతే, గేటును దాటించేవాడికి అంత లాభం. ఆ లాభం ఖజానాకూ చేరదు, తాగేవాడి ఇంటికీ చేరదు.

ఇక అసలు కూటమిని వీడిన దేశం దగ్గరికి వెళదాం. బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్‌ నుంచి బయటికి వచ్చింది. ఆ ఏడాది చివరిదాకా పాత పద్ధతులే నడిచాయి. 2021 నుంచి కొత్త ఒప్పందం. అందులో ఒక విశేషముంది. ఇరువైపుల సరుకుల మీద సుంకం సున్నా. సుంకమే లేనప్పుడు తిండి ధర పెరగకూడదు కదా అనుకుంటాం. పెరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్క కట్టారు. 2019 డిసెంబరు నుంచి 2023 మార్చి దాకా బ్రిటన్‌లో తిండి ధరలు సుమారు 25 శాతం పెరిగాయని, కూటమిని వీడకుండా ఉంటే ఆ పెరుగుదల 8 పాయింట్లు తగ్గి ఉండేదని తేల్చారు. సగటున ఒక్కో ఇంటి మీద పడిన భారం 250 పౌండ్లు. సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పోయే పేద ఇళ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

సుంకం లేకుండా ధర ఎలా పెరిగింది? కొడికొండలో లారీ ఆగినట్టే, సరిహద్దులో కాగితాల పని వచ్చిపడింది. ఆ లెక్క కట్టిన కాలం తర్వాత అది ఇంకా పెరిగింది. మాంసం, జున్ను, పాల పదార్థాలు యూరప్ నుంచి రావాలంటే పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య పత్రం కావాలి. ఈ నిబంధనను బ్రిటన్ ప్రభుత్వం పదేపదే వాయిదా వేసి, చివరికి 2024 జనవరి 31న తెచ్చింది. సరుకును విప్పి చూసే తనిఖీలు ఏప్రిల్ 30న మొదలయ్యాయి. డోవర్ దారిన వచ్చే సరుకుకు రకానికి 29 పౌండ్ల దాకా, ఒక్కో లోడుకు గరిష్ఠంగా 145 పౌండ్ల రుసుము పెట్టారు. లారీ నిండా ఒకే రకం జున్ను తెచ్చే పెద్ద సంస్థకు అది లెక్కలోకి రాదు. ఐదారు ఊళ్ల నుంచి నాలుగు పెట్టెల చొప్పున తెప్పించుకునే చిన్న దుకాణదారుకు మాత్రం లాభమంతా అందులోనే పోతుంది. గేటు దించినప్పుడల్లా ముందు నలిగేది చిన్న వ్యాపారే. ఇది మన దగ్గరా నిజమే, అక్కడా నిజమే.

అక్కడ మన తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్ల కందిపప్పు, చింతపండు, బెల్లం మన దేశం నుంచి పోతాయి కాబట్టి యూరప్ గొడవ వాటికి అంతగా తగలలేదు. కానీ చారులో వేసే టమాటా చలికాలంలో స్పెయిన్ నుంచో మొరాకో నుంచో రావాలి. 2023 ఫిబ్రవరిలో బ్రిటన్ సూపర్ మార్కెట్లలో మనిషికి ఇన్ని టమాటాలే అని పరిమితి పెట్టారు. దానికి ముఖ్య కారణం స్పెయిన్, మొరాకోల్లో చెడిపోయిన వాతావరణం. ప్రతి కొరతనూ కూటమి వీడిన ఖాతాలో రాయడం న్యాయం కాదు.

వైన్ సంగతి ఇంకోలా నడిచింది. యూరప్ వైన్‌కు కొత్తగా పరీక్ష పత్రాలు అడగాలన్న ఆలోచనను బ్రిటన్ 2021లోనే మానుకుంది. వైన్ వ్యాపారులు గట్టిగా మొత్తుకోబట్టి ఆ ఖర్చు తప్పింది. కానీ కూటమి నియమాల నుంచి బయటపడ్డాక మద్యం పన్నును తనకు నచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ ప్రభుత్వానికి వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి ఆల్కహాల్ ఎంత ఎక్కువుంటే పన్ను అంత ఎక్కువ అన్న పద్ధతి తెచ్చారు. మామూలు వైన్ సీసా మీద పన్ను 44 పెన్నీలు పెరిగి 2 పౌండ్ల 67 పెన్నీలు అయింది. బుడగలొచ్చే వైన్ మీద తగ్గింది. ఆరోగ్యం దృష్టితో చూస్తే ఈ పద్ధతి నాకు సమంజసంగానే కనిపిస్తుంది. అయితే కూటమి వీడితే వైన్ చవకవుతుందని ఆశపడి ఓటు వేసినవాళ్లకు దొరికింది మాత్రం ఇది.

మన దేశం ఇప్పుడు ఎదురు దిశలో నడుస్తోంది. విదేశీ వైన్, విస్కీల మీద మన కస్టమ్స్ సుంకం సాధారణంగా 150 శాతం. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన ఒప్పందంలో, ఐదు డాలర్లు దాటిన వైన్ సీసా మీద దాన్ని 100 శాతానికి తగ్గించాం. పదేళ్లలో 50 శాతానికి తేవాలి. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకం చేసిన ఒప్పందం ప్రకారం స్కాచ్ విస్కీ మీద సుంకం 150 నుంచి 75కు, పదేళ్లలో 40కి దిగుతుంది. అంతమాత్రాన ధర్మవరం దుకాణంలో స్కాచ్ సగం ధరకు వస్తుందని అనుకోవద్దు. ఓడరేవులో గేటు ఎత్తినా, రాష్ట్రం గేటు అలాగే ఉంది. ఎక్సైజ్ సుంకం, వ్యాట్, దుకాణం మార్జిన్ అన్నీ రాష్ట్రం చేతిలోనివే.

మద్యాన్ని ఇక్కడితో వదిలేద్దాం. అది లేకపోయినా ఇల్లు గడుస్తుంది. పాలు, నూనె లేకపోతే గడవదు.

2012 నుంచి పదహారు దేశాలు ఆర్‌సెప్ అనే పెద్ద కూటమి కోసం చర్చలు జరిపాయి. చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఆసియాన్ దేశాలు, మనం. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారతదేశం చేరబోమని చెప్పి బయటికి వచ్చేసింది. మిగతా పదిహేను దేశాలు మరుసటి ఏడాది సంతకాలు చేశాయి. ఆ నిర్ణయం వెనుక పాల రైతుల భయం చాలా ఉంది. న్యూజిలాండ్ జనాభా అరకోటి. అక్కడ పిండే పాలలో నూటికి తొంభై పైగా విదేశాలకు అమ్ముడుపోవాల్సిందే. ఆ పాలపొడి సుంకం లేకుండా దిగితే, రెండు ఆవులు కట్టుకున్న మన ఇంటికి ఏం మిగులుతుంది? వాన రాని ఏడాది శెనక్కాయ పంట ఎండిపోయినా, సాయంత్రం డెయిరీ కేంద్రంలో పోసిన నాలుగు లీటర్ల పాల డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టిన ఇళ్లు మన జిల్లాలో లెక్కలేనన్ని. పాలపొడి మీద 60 శాతం సుంకం నిలిచి ఉండటం ఆ ఇళ్లకు అవసరం. ఈ విషయంలో బయట ఉండిపోవడమే సరైనదని నా అభిప్రాయం.

పట్టు దగ్గరికి వస్తే అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. హిందూపురం గూళ్ల మార్కెట్‌కు వచ్చే రైతు చైనా పట్టు రాకూడదంటాడు. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతన్నకు వార్పు పట్టు చవకగా కావాలి. 2011 బడ్జెట్‌లో ముడి పట్టు మీద సుంకాన్ని 30 నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించారు. పట్టుగూళ్ల ధర కుప్పకూలింది. మల్బరీ తోటలు పెరికేసిన రైతులున్నారు. తర్వాత 15కు పెంచారు, మధ్యలో 10 చేశారు, 2021లో మళ్లీ 15 చేశారు. ఇన్నిసార్లు మారే సుంకాన్ని నమ్ముకుని మల్బరీ మొక్క ఎవరు నాటుతారు? అది ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండే తోట.

నూనె కథలోనూ ఈ ఊగిసలాటే ఉంది. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాగైనంత వేరుశనగ దేశంలో మరే జిల్లాలోనూ సాగయ్యేది కాదని చెప్పుకునేవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. అందుకు తట్టుకునే కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి విత్తనాలు కదిరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చాయి. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలుపెట్టింది. తొంభైల మొదట్లో దేశం తన నూనె తానే దాదాపుగా పండించుకునే స్థితికి చేరింది. 1994లో పామోలిన్‌ను ఎవరైనా తెచ్చుకోవచ్చని తలుపు తీశారు. అప్పుడు సుంకం 65 శాతం. నాలుగేళ్లలో అది పదిహేను, పదహారు శాతానికి పడిపోయింది. ధరలు మండుతున్నాయని 2008లో ముడి నూనెల మీద పూర్తిగా తీసేశారు. 2010 జనవరి 1 నుంచి ఆసియాన్ దేశాలతో ఒప్పందం అమలులోకి వచ్చింది. ఇండోనేషియా, మలేషియా రెండూ అందులో ఉన్నాయి.

పామోలిన్ ఇంటింటికీ వచ్చింది. 2013లో అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు, గుర్తుందా? అందులో లీటరు పామాయిల్ ప్యాకెట్టు ఉండేది. అదే సంచిలో అరకిలో చింతపండు కూడా. శెనక్కాయ పండించిన ఇంట్లో ఉగ్గాని తిరగమోతకు, బజ్జీలకు మలేషియా నూనె. పేద ఇంటికి అది నిజంగా ఆసరా అయింది, కాదనను. పిల్లల పళ్లెంలో నూనె చుక్క పెరిగింది. అదే సమయంలో మన ఊళ్ల గానుగలు, నూనె మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా, ఏటా 150 లక్షల టన్నులకు తక్కువ కాకుండా, ఓడల్లో వస్తోంది.

అంతగా బయటివాళ్ల మీద ఆధారపడితే ఏమవుతుందో 2022లో తెలిసింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. తన ప్రజలకు నూనె చాలడం లేదని ఆ దేశం గేటు దించుకుంది. నిషేధం నెల కూడా నిలవలేదు, మే 23న ఎత్తేశారు. ఆ కొన్ని వారాలకే మన వీధి చివర బజ్జీల బండి నడిపేవాళ్ల లెక్క తలకిందులైంది.

మరి ఆసియాన్ ఒప్పందం నుంచి బయటికి వచ్చేస్తే? వాణిజ్య లోటు పెరిగిపోతోందని మన దేశం గట్టిగా అడిగాక, ఒప్పందాన్ని సమీక్షించడానికి 2023లో అందరూ ఒప్పుకున్నారు. ఈ ఒప్పందం ప్రకారం ముడి పామాయిల్ మీద మనం 37.5 శాతం దాకా, శుద్ధి చేసినదాని మీద 45 శాతం దాకా సుంకం వేసుకోవచ్చు. ఒప్పందమే లేకపోతే ప్రపంచ వాణిజ్య సంస్థ పెట్టిన హద్దు 300 శాతం. వినడానికి రైతు గెలిచినట్టే ఉంటుంది. కానీ 300 వేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు, ఉండకూడదు. దసరాకు ముందు నూనె ప్యాకెట్టు ధర రెండింతలైతే కూలి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? పైగా మన వేరుశనగ పప్పును కొనే దేశాల్లో ముందు వరుసలో ఉన్నది ఇండోనేషియానే. వాళ్ల నూనెకు మనం గేటు దించితే మన పప్పుకు వాళ్లూ దించుతారు. శెనక్కాయలో బూజు విషం ఉందనో, కాగితం సరిగ్గా లేదనో ఒక కారణం దొరక్కపోదు. చివర్లో వాన ముఖం చాటేసిన ఏడాది మన కాయకు ఆ బూజు బెడద నిజంగానే ఎక్కువ.

అందుకే కూటమిని వీడాలా, ఉండాలా అన్న వాదన కంటే మన రైతుకు దగ్గరగా ఉన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. ఉన్న 37.5 శాతం హద్దు లోపలే సుంకాన్ని ఎప్పుడు పెంచుతున్నాం, ఎప్పుడు తగ్గిస్తున్నాం అన్నది. తేదీలు చూడండి. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి చేసిన నూనెల మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచారు. రైతు కోసమే అన్నారు. అప్పటికి మన దగ్గర విత్తి రెండు, మూడు నెలలైపోయింది. సుంకం చూసి ఒక్క ఎకరం కూడా అదనంగా విత్తే అవకాశం లేదు. కొనేవాళ్లకు మాత్రం పండుగల ముందు ధర పెరిగింది. 2025 మే 30న ముడి నూనె మీద 20ని 10కి తగ్గించారు. మే చివర అంటే మన రైతు దుక్కి దున్ని, విత్తనకాయ కోసం అప్పు చేసి, ఆకాశం వైపు చూసే రోజులు. ఏం విత్తాలో తేల్చుకునే ఆ వారంలోనే, నీ పంట ధరకు అండ సగం చేశామన్న కబురు అందింది. ఆ ఏడాది వేరుశనగకు మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలుగా ప్రకటించారు. సుంకం తగ్గిస్తూ మద్దతు ధర పెంచితే, మధ్యలో ఉన్న తేడాను కొనుగోలు కేంద్రాలు భరించాలి. అవి తెరుచుకోకపోతే రైతే భరించాలి.

మన ప్రాంతం నుంచి ఢిల్లీకి గట్టిగా వినిపించాల్సిన మాట ఒకటుంది. వంటనూనె సుంకాన్ని ఏరువాకకు ముందే, ఏప్రిల్‌లోనే ప్రకటించాలి. శెనక్కాయ యార్డుకు చేరేదాకా, అంటే నవంబరు దాటేదాకా దాన్ని కదపకూడదు. మధ్యలో యుద్ధమో, నిషేధమో వచ్చి నూనె ధర మండితే సుంకం తగ్గించే బదులు, రేషన్ కార్డు ఉన్న ఇంటికి లీటరు ప్యాకెట్టు తక్కువ ధరకు ఇవ్వండి. ఆ పని ఈ రాష్ట్రం 2013లో చేసి చూపించింది, దుకాణాలూ కార్డులూ ఇప్పటికీ ఉన్నాయి. ఆసియాన్ ఒప్పందాన్ని తిరగరాసే బల్ల దగ్గర పామాయిల్ గురించి ఎంతసేపు మాట్లాడతారో, కదిరి కాయ ఇండోనేషియా ఓడరేవులో ఆగకుండా పోయే దారి గురించీ అంతసేపు మాట్లాడాలి. బూజు పరీక్షలు ఇక్కడే చేసి, ఆ పత్రాన్ని అక్కడ ఒప్పుకునేలా రాయించాలి. ఆ పరీక్షశాల మన జిల్లాలోనే, రైతు తన మూటతో ఉదయం వెళ్లి సాయంత్రానికి ఫలితంతో తిరిగి రాగలిగినంత దూరంలో ఉండాలి.